ఓడ రాగికి తుత్తునాగం కాపు: సర్ హంఫ్రీ డేవీ జీవితగాథ

పొదటూరుపేట నుంచి తిరుత్తణికి, పళ్ళిపట్టుకు, నగరికి తిరిగే బస్సులు, లారీలు, ట్రాక్టర్లలో ఏ ఒక్కదానిని పరిశీలించినా అది ఒకే లోహంతో తయారైనది కాదని తెలుస్తుంది. చట్రం ఉక్కుతో, పైరేకు తరచుగా అల్యూమినియంతో, విద్యుత్ తీగలు రాగితో, బ్యాటరీ కొసలు సీసంతో చేస్తారు. పాత రేడియేటర్లలో రాగి, ఇత్తడి ఉండేవి. కొత్తవాటిలో అల్యూమినియం ఉంటుంది. ఇన్ని లోహాలు ఒకదానినొకటి తాకుతూ వానలో, బురదలో, ఎండలో ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. నాలుగైదు వానాకాలాలు గడిచాక ఉక్కు సీల బిగించిన చోట అల్యూమినియం రేకు తెల్లని పొడిగా రాలిపోవడం, బ్యాటరీ కొస చుట్టూ పొక్కులు కట్టడం, బోల్టు విప్పబోతే విరిగిపోవడం వాహనం నడిపే ప్రతి కుటుంబానికీ అనుభవమే.

ఒంటరిగా ఉన్నప్పుడు నిలకడగా ఉన్న లోహం మరొక లోహం పక్కన చేరగానే ఎందుకు క్షీణిస్తుంది? ఆ క్షయాన్ని ఆపే ఉపాయమేమిటి? ఈ ప్రశ్నలకు శాస్త్రబద్ధమైన సమాధానాన్ని ప్రయోగపూర్వకంగా చూపిన వ్యక్తి ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ. ఆయన పరిశోధించినది రోడ్డు మీద నడిచే వాహనాన్ని కాదు, సముద్రం మీద నడిచే ఓడను. ఆ పరిశోధన ఆయనకు తెచ్చిన కీర్తి ఏడాది తిరిగేసరికి అపకీర్తిగా మారింది. అయినా నేటికీ ఓడలకు, భూమిలోని గొట్టాలకు, మన ఇళ్ళ జీఐ పైపులకు, కార్ల ఉక్కు రేకులకు రక్షణనిస్తున్నది ఆయన కనుగొన్న సూత్రమే.

బాల్యం, విద్యాభ్యాసం

ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. రాగి, తగరం గనులకు అది ప్రసిద్ధి. అక్కడి పెంజాన్స్ అనే చిన్న రేవు పట్టణంలో 1778 డిసెంబరు 17న హంఫ్రీ డేవీ జన్మించారు. తండ్రి రాబర్ట్ డేవీ కొయ్య చెక్కడపు పనివాడు. కొద్దిపాటి భూమి కూడా ఉండేది. తల్లి పేరు గ్రేస్. ఐదుగురు సంతానంలో హంఫ్రీ పెద్దవాడు.

1794లో తండ్రి మరణించారు. అప్పులు మిగిలాయి. పదహారేళ్ళైనా నిండని పెద్దకొడుకు, అతని వెనుక నలుగురు పిల్లలు, చేతిలో ఆస్తి లేని తల్లి, ఇదీ ఆనాటి ఆ కుటుంబ పరిస్థితి. ఆ తల్లి అధైర్యపడలేదు. పట్టణంలో టోపీలు, స్త్రీల అలంకరణ సామగ్రి అమ్మే దుకాణం నడిపి సంసారాన్ని గట్టెక్కించింది. మరుసటి ఏడు, 1795లో, హంఫ్రీని బింగ్‌హామ్ బొర్లేస్ అనే వైద్యుని వద్ద మందులు నూరే శిష్యునిగా చేర్చారు.

డేవీ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. తాను నేర్చుకోవలసిన విద్యలన్నిటికీ తానే ఒక పట్టిక వేసుకుని, దొరికిన పుస్తకం దొరికినట్లు చదివారు. జీనులు కుట్టే రాబర్ట్ డంకిన్ అనే వ్యక్తి ఆయనకు తొలి ప్రయోగ గురువు. తోలుపని చేసుకుంటూనే తీరిక వేళల్లో విద్యుత్ యంత్రాలు తయారుచేసుకున్న ఆ పనివాడు కుర్రవానికి ఎన్నో ప్రయోగాలు చేసి చూపించాడు. 1797 చివర ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిసియే గ్రంథం చేతికి చిక్కడంతో డేవీ మనస్సు రసాయన శాస్త్రం మీద నిలిచిపోయింది.

ఆ రోజుల్లోనే సమీపంలోని హేల్ రేవులో ఒక వింత ఆయన దృష్టికి వచ్చింది. అక్కడి నీటి తలుపులలో రాగి, ఇనుము ఒకదానినొకటి తాకుతూ ఉండేవి. సముద్రపు నీరు తగిలే ఆ చోట ఇనుము విపరీతమైన వేగంతో తినివేయబడుతోంది. ఆ కాలానికి దాని కారణం ఎవరికీ తెలియదు. ఆ కుర్రవాడు కూడా చెప్పలేకపోయాడు. కాని ఆ దృశ్యం అతని మనస్సులో నాటుకుపోయింది. అది ఫలించడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

కీర్తి శిఖరానికి

1798లో డేవీ బ్రిస్టల్ నగరానికి వెళ్ళారు. వాయువులను పీల్పించి రోగాలు నయం చేయవచ్చునేమోనని డాక్టర్ థామస్ బెడ్డోస్ అక్కడ ఒక సంస్థ స్థాపించారు. అందులోని ప్రయోగశాల బాధ్యత ఇరవై ఏళ్ళైనా నిండని డేవీకి అప్పగించారు. నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువును ఆయన తనమీద తానే ప్రయోగించుకుని, దానికి మత్తు కలిగించే గుణం, నొప్పి మరపించే గుణం ఉన్నాయని గుర్తించారు. శస్త్రచికిత్సలో అది ఉపకరించవచ్చునని 1800లోనే తమ గ్రంథంలో సూచించారు. వైద్యులు ఆ సూచనను పట్టించుకోవడానికి మరి నాలుగు దశాబ్దాలు గడిచాయి. మరొక విషవాయువును పీల్చి ఆయన మృత్యుముఖం దాకా వెళ్ళి వచ్చారు.

1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆయనను ఆహ్వానించింది. అక్కడ ఆయన ఉపన్యాసాలకు నగరంలోని పెద్దలు, స్త్రీలు, విద్యార్థులు కిక్కిరిసి వచ్చేవారు. అంతకు ముందు ఏడే, అంటే 1800లో, ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తమ విద్యుత్ పేర్పును లోకానికి ప్రకటించారు. రెండు వేర్వేరు లోహాల బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డ ముక్కలు ఉంచితే విద్యుత్తు పుడుతుందన్నది అందులోని సారాంశం. నేడు మనం బ్యాటరీ అనేదానికి అదే తొలి రూపం.

డేవీ ఆ సాధనాన్ని మరింత పెద్దదిగా నిర్మించి, విద్యుత్తుతో పదార్థాలను విడగొట్టడం మొదలుపెట్టారు. 1807లో పొటాషియం, సోడియం అనే లోహాలను మొదటిసారిగా వేరుచేశారు. 1808లో కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం లోహాలను వెలికి తీశారు. రసాయన క్రియకు, విద్యుత్తుకు విడదీయరాని సంబంధం ఉన్నదని ఆయన గ్రహించారు. ఇంగ్లండు, ఫ్రాన్సు యుద్ధంలో ఉన్న ఆ కాలంలో శత్రుదేశమైన ఫ్రాన్సు సైతం ఆయన పరిశోధనకు బహుమతి ప్రకటించింది.

1812లో ఆయనకు సర్ బిరుదు లభించింది. అదే ఏడు జేన్ అప్రీస్ అనే సంపన్నురాలైన వితంతువును వివాహమాడారు. ఆ దంపతులకు సంతానం కలగలేదు. వారి కాపురం అంత సుఖంగా సాగలేదు. 1813లో పుస్తకాలు బైండు చేసే పనిలో ఉన్న మైకేల్ ఫారడే అనే యువకుని డేవీ సహాయకునిగా చేర్చుకున్నారు. ఆ యువకుడే తరువాత గురువును మించిన శిష్యుడయ్యాడు.

1812 మే 25న ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో వాయువు పేలి 92 మంది మరణించారు. గని కార్మికులు వెలుతురు కోసం పట్టుకెళ్ళే దీపమే వారి ప్రాణాలు తీసేది. డేవీ 1815లో దీపపు మంట చుట్టూ సన్నని లోహపు తీగల వల అమర్చి, ఆ మంట వెలుపలి వాయువును అంటించకుండా చేశారు. ఆ దీపం మీద ఆయన పేటెంటు హక్కు తీసుకోలేదు. ఎవరైనా తయారుచేసుకోవచ్చునని వదిలివేశారు. ఇదే కాలంలో జార్జి స్టీఫెన్‌సన్ అనే గని ఇంజనీరు కూడా ఒక రక్షణ దీపం తయారుచేశారు. ఎవరు ముందన్న వివాదం చెలరేగగా డేవీ తమ ప్రత్యర్థిని చులకనగా చూశారు. సామాన్య కుటుంబం నుంచి వచ్చినవారే అయినా పేరు పెరిగిన కొద్దీ ఆయనలో అహం కూడా పెరిగిందని చెప్పక తప్పదు. 1820లో ఆయన రాయల్ సొసైటీకి అధ్యక్షులయ్యారు. శాస్త్రలోకంలో అంతకు మించిన పీఠం ఆనాడు ఆ దేశంలో లేదు.

ఓడ అడుగున రాగి రేకు

ఆనాటి ఓడలన్నీ కొయ్యవే. సముద్రంలో కొయ్యకు ఇద్దరు శత్రువులు. ఒకటి, కొయ్యను లోలోపల తొలిచే ఓడపురుగు. రెండవది, అడుగున పేరుకునే నాచు, గుల్లలు. పళవేర్కాడు తీరంలో పడవలు నడిపే జాలరులకు ఈ రెండవదాని సంగతి చెప్పనక్కరలేదు. అడుగున గుల్లలు పట్టిన పడవ బరువెక్కి, వేగం తగ్గిపోతుంది.

ఈ రెంటినీ అరికట్టడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే ఓడ అడుగంతా పలుచని రాగి రేకు కప్పించింది. ఫలితం బ్రహ్మాండంగా కనిపించింది. పురుగు దరిచేరలేదు, నాచు పట్టలేదు. కాని 1763లో ఆ ఓడను పరిశీలించినప్పుడు ఒక ప్రమాదం బయటపడింది. రాగి రేకును తాకుతున్న ఇనుప మేకులు తుప్పుతో నామరూపాలు లేకుండా పోయాయి. కొన్ని చోట్ల మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. కారణం వెదకగా, రాగి రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం పొరపాటున ఆ చోట్ల మిగిలిపోయి, ఇనుముకు రాగికి మధ్య అడ్డుగా నిలిచిందని తేలింది. ఒక కాగితం పొర చేసిన మేలు అది! ఇనుము, రాగి నేరుగా తాకరాదన్న పాఠం అప్పుడే దొరికినా దాని వెనుకనున్న శాస్త్రం తెలియదు. తరువాత నౌకాదళం ఇనుప సీలల స్థానంలో రాగి కలిసిన మిశ్రలోహపు సీలలు వాడసాగింది.

ఇనుము సమస్య తీరినా రాగి సమస్య తీరలేదు. సముద్రపు నీటిలో రాగి రేకు చిలుముపట్టి క్రమంగా అరిగిపోయేది. కొన్నేళ్ళకొకసారి కొత్త రాగి వేయవలసివచ్చేది. వందలాది ఓడలున్న నౌకాదళానికి ఆ ఖర్చు భరించరానిదయింది. రాగిలో కల్తీ ఉండడమే కారణమని పలువురు నమ్మేవారు. 1823లో నౌకాదళం వారు రాయల్ సొసైటీ సలహా కోరగా, అధ్యక్షులైన డేవీ ఆ పనిని స్వయంగా చేపట్టారు.

బఠాణి గింజంత తుత్తునాగం

స్వచ్ఛమైన రాగి కూడా అరుగుతుందని డేవీ మొదట నిరూపించారు. ఉప్పునీటికి తోడు, అందులో కరిగి ఉన్న గాలి రాగిని తింటోందని గుర్తించారు. ఆ క్రియకు మూలం విద్యుత్తే అయినప్పుడు, రాగి యొక్క విద్యుత్ స్థితిని కొద్దిగా మార్చగలిగితే క్షయం ఆగిపోవాలని ఆలోచించారు. అందుకు రాగి కంటే తేలికగా క్షీణించే మరొక లోహాన్ని దానికి తాకించడం ఒక్కటే మార్గం.

ఇక్కడి కిటుకును ఇలా అర్థం చేసుకోవచ్చు. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉండి, రెంటినీ ఒకే ఉప్పునీరు తడుపుతూ ఉంటే అక్కడొక చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. బ్యాటరీలో ఒక లోహం కరుగుతుంది, రెండవది నిలుస్తుంది. ఎవరు కరగాలి, ఎవరు నిలవాలి అన్నది లోహాల స్వభావాన్ని బట్టి నిర్ణయమవుతుంది. మెగ్నీషియం, తుత్తునాగం, అల్యూమినియం, ఇనుము, సీసం, రాగి అనే వరుసలో ముందున్నది కరిగి, వెనుకనున్నదానిని కాపాడుతుంది. హేల్ రేవులో రాగి పక్కన ఇనుము కరిగిపోవడానికి కారణం ఇదే. చిన్ననాడు చూసిన ఆ నష్టాన్నే డేవీ ఇప్పుడు లాభంగా మలచారు. కరిగిపోయే లోహాన్ని కావాలనే పక్కన పెట్టి, విలువైన లోహాన్ని నిలబెట్టాలన్నది ఆయన పథకం.

ప్రయోగ ఫలితం ఆశ్చర్యం గొలిపింది. జింకు అని మనం వాడుకలో పిలిచే తుత్తునాగం బఠాణి గింజంత ముక్క, లేదా చిన్న ఇనుప మేకు కొన, 40 నుంచి 50 చదరపు అంగుళాల రాగిని ఉప్పునీటిలో పూర్తిగా కాపాడింది. 1824 జనవరిలో డేవీ ఈ ఫలితాలను రాయల్ సొసైటీకి నివేదించారు. ఆపైన పోర్ట్స్‌మత్ రేవులో వారాల తరబడి రాగి రేకులను నీటిలో ఉంచి కొలతలు తీశారు. రాగి వైశాల్యంలో 40వ వంతు నుంచి 150వ వంతు దాకా కాపు లోహం ఉన్నప్పుడు రాగి ఏమాత్రం అరగలేదు. 200వ వంతు, 400వ వంతుకు తగ్గించినప్పుడు కొద్దిగా అరుగుదల కనిపించింది. చౌకగా దొరుకుతుంది గనుక పోత ఇనుమును ఓడలకు ఎంచుకున్నారు.

ఆ తొలి పరీక్షకు లోనైన ఓడలలో ఒకదానికి మన దేశంతో సంబంధం ఉంది. సమరంగ్ అనే ఆ ఓడ 1822లో కొచ్చిన్‌లో జలప్రవేశం చేసింది. దానికి రాగి రేకు వేసినది కూడా ఇక్కడే. 1824లో అది ఇంగ్లండు చేరినప్పుడు ముందు భాగాన, వెనుక భాగాన పోత ఇనుప దిమ్మెలు బిగించి ఉత్తర అమెరికాలోని నోవా స్కోషియాకు పంపించారు. మరుసటి ఏడు జనవరిలో అది తిరిగి వచ్చింది. 1824 వేసవిలో డేవీ తామే ఒక ఆవిరి ఓడనెక్కి నార్వే వైపు ప్రయాణించి, నడిసముద్రంలో ప్రయోగాలు చేశారు. నౌకాదళం వారు ఫలితాల కోసం ఎక్కువ కాలం వేచి ఉండలేదు. త్వరత్వరగా అనేక ఓడలకు ఆ కాపులు బిగించారు. దేశమంతా డేవీని కీర్తించింది.

కీర్తి తలకిందులైన వేళ

కాపు బిగించిన ఓడలు కొంతకాలం నీటిలో ఉండి తిరిగి వచ్చాయి. అడుగు చూస్తే రాగి భద్రంగా ఉంది. కాని దాని నిండా నాచు, గుల్లలు దట్టంగా పట్టి ఉన్నాయి. రాగి వేసినది వాటిని అరికట్టడానికే. ఇప్పుడు రాగి మిగిలింది, ప్రయోజనం పోయింది.

ఎందుకిలా జరిగింది? రాగి సముద్రంలో కొద్దికొద్దిగా కరుగుతూ ఉండడం వల్లనే గుల్లలకు, నాచుకు అది విషమై వాటిని దరిచేరనీయదు. ఆ అరుగుదల రాగికి పట్టిన రోగంగా అందరూ భావించారు. నిజానికి రాగి చేసే కాపలాకు అది చెల్లిస్తున్న మూల్యం అదే. డేవీ అరుగుదలను ఆపగానే విషం ఆగింది. విషం ఆగగానే గుల్లలు చేరాయి. చిన్న తొట్టెలో రాగిని కొలిచిన ప్రయోగాలు ఎంత నిర్దుష్టమైనవైనా, ఏళ్ళ తరబడి వెచ్చని సముద్రాలలో తిరిగే ఓడ అడుగున ఏమి జరుగుతుందో అవి చెప్పలేకపోయాయి. కాపు లోహం పరిమాణం తగ్గిస్తే రాగి కొద్దిగా అరుగుతూ శుభ్రంగా ఉంటుందని డేవీ వాదించి చూశారు. కాని ఒక్కొక్క ఓడకు, ఒక్కొక్క సముద్రానికి ఆ తూకం కుదర్చడం సాధ్యపడలేదు.

1825లోనే కాపులు తొలగించే ఆదేశాలు మొదలయ్యాయి. 1828 నాటికి నౌకాదళం ఆ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టింది. పత్రికలు ఎగతాళి చేశాయి. నిన్నటి దాకా పొగిడిన నోళ్ళే నేడు తెగడసాగాయి. అసలు సూత్రంలో దోషమేమీ లేదని, రాగి నిజంగానే రక్షింపబడిందని అప్పట్లో ఆలోచించినవారు తక్కువ.

ఈ అవమానం ఆయన మనస్సును లోతుగా గాయపరచింది. అప్పటికే శిష్యుడైన ఫారడేతో సంబంధాలు చెడ్డాయి. 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకునే సందర్భంలో గురువే అడ్డుపడ్డారు. అయినా ఫారడే ఎన్నికయ్యారు. 1826 సెప్టెంబరులో తల్లి మరణించింది. ఆ ఏడాది చివర డేవీకి పక్షవాతం సోకింది. 1827లో అధ్యక్ష పదవిని వదులుకున్నారు.

మిగిలిన కాలమంతా ఆరోగ్యం కోసం ఐరోపా దేశాలలో తిరుగుతూ గడిపారు. చేపలు పట్టడం ఆయనకు చిన్ననాటి నుంచీ ప్రీతి. దానిపై ఒక గ్రంథం రాశారు. జీవితాన్ని గురించి, జ్ఞానాన్ని గురించి రాసిన చివరి గ్రంథం ఆయన మరణానంతరం వెలువడింది. 1829 మే 29న స్విట్జర్లాండులోని జెనీవాలో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయస్సు యాభై ఏళ్ళే. ఆ నగరంలోనే ఆయనను సమాధి చేశారు. ఆయన పేరిట రాయల్ సొసైటీ 1877 నుంచి రసాయన శాస్త్రంలో డేవీ పతకం ప్రదానం చేస్తూ వస్తున్నది.

ఓడిన ఉపాయం గెలిచిన తీరు

డేవీ మరణించిన కొన్ని దశాబ్దాలకే కొయ్య ఓడల కాలం గతించి ఇనుప ఓడల కాలం వచ్చింది. ఇనుము కరిగినా గుల్లలను ఆపదు. కనుక దానిని పూర్తిగా కాపాడితే నష్టమేమీ లేదు. రాగి ఓడకు సరిపడని వైద్యం ఇనుప ఓడకు అతికినట్లు సరిపోయింది. నేడు ఉక్కు ఓడల అడుగున, ప్రొపెల్లరు రెక్కల సమీపంలో జింకు లేదా అల్యూమినియం దిమ్మెలు బిగిస్తారు. అవి కరిగిపోతాయి, ఓడ నిలుస్తుంది. కరిగిన దిమ్మెలను తీసివేసి కొత్తవి వేస్తారు.

1837లో ఫ్రాన్సుకు చెందిన సొరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందారు. మన ఇళ్ళలోని జీఐ పైపు, నీళ్ళ బకెట్టు, రేకుల కొట్టం అన్నీ ఆ పద్ధతి ప్రసాదమే. జింకు పూత గీసుకుపోయి ఇనుము కొద్దిగా బయటపడినా చుట్టూ ఉన్న జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. రంగు పూతకు ఈ గుణం లేదు. భూమిలో పాతిన చమురు గొట్టాలకు, ఇళ్ళలోని గీజరు తొట్టెకు లోపల మెగ్నీషియం కడ్డీ అమర్చి కాపాడుతున్నారు. ఆ మెగ్నీషియంను మొదట వెలికి తీసినవారు డేవీయే కావడం విశేషం.

మన వాహనాలకు ఆ పాఠం

డేవీ సూత్రం తెలిసినవారు వాహనాన్ని మరికొన్నేళ్ళు నిలుపుకోగలరు. క్షయం జరగడానికి మూడు కావాలి: రెండు వేర్వేరు లోహాలు, వాటి మధ్య తాకిడి, రెంటినీ తడిపే నీరు. ఈ మూటిలో ఏ ఒక్కదానిని తొలగించినా క్షయం ఆగుతుంది.

మొదటిది, తాకిడిని తొలగించడం. అలారం ఓడలో కాగితం చేసిన పనిని నేడు రబ్బరు వాషరు, ప్లాస్టిక్ వాషరు, దట్టమైన రంగు చేస్తాయి. అల్యూమినియం రేకును ఉక్కు చట్రానికి బిగించేటప్పుడు మధ్య అటువంటి అడ్డు ఉంచడం మేలు. రంగు వేస్తే రెండు లోహాలకూ వేయాలి. తేలికగా కరిగే లోహానికి మాత్రమే రంగు వేసి ఊరుకుంటే, ఎక్కడో ఒక చిన్న గీత పడినా క్షయమంతా ఆ గీతలోనే కేంద్రీకరించి రేకు చిల్లులు పడుతుంది.

రెండవది, వైశాల్యాల లెక్క. పెద్ద అల్యూమినియం రేకుకు చిన్న ఉక్కు బోల్టు అంత ప్రమాదం కాదు. పెద్ద ఉక్కు పలకకు చిన్న అల్యూమినియం రివెట్టు వేస్తే మాత్రం ఆ రివెట్టు త్వరగా పోతుంది. కరిగే లోహం చిన్నది, నిలిచే లోహం పెద్దది అయినచోట కరిగేదాని ఆయుష్షు తక్కువ. పోర్ట్స్‌మత్ రేవులో డేవీ తీసిన కొలతలు చెప్పే న్యాయం ఇదే.

మూడవది, నీటిని, ఉప్పును దూరం చేయడం. ఎరువుల బస్తాలు మోసిన ట్రాక్టరు ట్రైలరును, ఉప్పుచేపలు తెచ్చిన వ్యానును ఆ రోజే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. రసాయనిక ఎరువు కూడా లవణమే. తడిసినప్పుడు అది సముద్రపు నీటివలెనే పనిచేస్తుంది. బ్యాటరీ కొసలను శుభ్రపరచి వాజిలిన్ గాని గ్రీజు గాని రాయడం, బోల్టు మరలకు బిగించే ముందు గ్రీజు పట్టించడం, మామూలు బోల్టుకు బదులు జింకు పూత బోల్టు వాడడం పెద్ద ఖర్చు లేని పనులు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఓడకు బిగించినట్లు లారీకో కారుకో ఒక జింకు ముక్క బిగిస్తే బండి అంతా రక్షింపబడుతుందనుకోవడం పొరపాటు. ఓడ అడుగంతా ఎప్పుడూ సముద్రంలోనే ఉంటుంది గనుక ఆ నీటి ద్వారా జింకు ప్రభావం దూరం దాకా వ్యాపిస్తుంది. రోడ్డు మీది బండికి అటువంటి ఎడతెగని నీరు లేదు. జింకు ముక్క తన పక్కనున్న తడిచోటును మాత్రమే కాపాడగలదు. అందుకే కార్ల తయారీదారులు ఉక్కు రేకుకంతటికీ జింకు పూత వేయిస్తారు.

హంఫ్రీ డేవీ కాపు ఓడకు బిగించినది రాగిని నిలపడానికి. ఓడ యజమానికి కావలసినది శుభ్రమైన అడుగు. ఈ రెండు కోరికలూ ఒకటేనని తలచడమే ఆయన చేసిన పొరపాటు. ఆ పొరపాటుకు ఆయన పరువు, మనశ్శాంతి మూల్యంగా చెల్లించారు. ఆయన కనుగొన్న సత్యం మాత్రం అరగలేదు. కొయ్య చెక్కేవాని కొడుకు, టోపీల దుకాణం నడిపిన తల్లి పెంచిన బిడ్డ, జీనులు కుట్టేవాని వద్ద ప్రయోగాలు నేర్చిన విద్యార్థి లోకానికి ఇచ్చిన ఆ జ్ఞానం నేడు పల్లెలోని నీటి గొట్టం నుంచి మహాసముద్రంలోని ఓడ దాకా పనిచేస్తూనే ఉంది. వర్క్‌షాపులో స్పానరు పట్టిన మన కుర్రవాళ్ళు బోల్టు కింద వాషరు వేసే ప్రతిసారీ చేస్తున్నది ఆ శాస్త్రమే.